గేజీ మర్యాద

ఎగువన కొండల దగ్గర, రెండు రిజర్వాయర్లను కలిపే కాలువ మీద జలవిద్యుత్ కేంద్రం ఒకటుంది. దాని గేటు పక్కన, చూడటానికి వచ్చేవాళ్ళ కోసం పెద్ద బోర్డు నిలబెట్టారు. పెద్ద రిజర్వాయరు నుంచి చిన్న రిజర్వాయరుకు నీలం గీత, మధ్యలో సొరంగం, పక్కన మెరుపు బొమ్మ. కింద పెద్ద అక్షరాలతో "వృథాగా సముద్రంలో కలిసిపోతున్న నీటిని ఒడిసిపట్టి" అని మొదలుపెట్టి, కరువొస్తే ఈ ప్రాంతం మొత్తానికి అత్యవసర నిల్వ ఎలా ఉంటుందో, సాయంత్రాలు గేట్లెత్తితే కరెంటు ఎలా పుడుతుందో రాశారు. బస్సుల్లో వచ్చే కాలేజీ పిల్లలు దాని ముందు నిలబడి ఫొటోలు దిగుతారు. నా ఉద్యోగం అక్కడే. రోజుకు రెండుసార్లు ఆ బోర్డు ముందు నుంచి నడవాలి. రెండుసార్లూ నాకు ఒళ్ళు మండుతుంది.

ఆ మ్యాపులో సముద్రం లేదు. తూర్పువైపు రేకు చాలలేదో ఏమో, కాలువల గీతలన్నీ విడవలూరు ఇవతలే ఆగిపోయాయి. మా ఊరు దానికి అవతల, కాలువ ఆఖరున ఉంది. మ్యాపులో మాకు చోటు లేదు గానీ కింద రాసిన ఆ "వృథా" అనే మాట మాత్రం మా గురించే. ఎవరిమీదనో కోపం తెచ్చుకుని ఊరుకుందామంటే కుదరదు. ఆ మాటకు ఆధారంగా చూపించిన కాగితాల్లో ఒకదాని మీద సంతకం నాది.

మా ఊరి కాలువ సముద్రంలోకి పోయే ఉప్పుకాలువలో దూకే చోట ఒక రాతి స్తంభం ఉంది. దానిమీద అడుగులు, అంగుళాలు నలుపు తెలుపు రంగులతో గీసి ఉంటాయి. మేము దాన్ని గేజీ రాయి అంటాం. పైన ఎన్ని నీళ్ళు వదిలామని కాగితాల మీద రాసుకున్నా, చివరి భూములదాకా అవి వచ్చాయా లేదా అన్నది ఆ రాయి చెప్పాలి. రాయి తడిగా ఉంటే అందినట్టు, పొడిగా ఉంటే లస్కరుకు మెమో. లస్కరంటే కాలువ వెంట తిరిగి తూము తలుపులు ఎత్తి దించే మనిషి. మా పాత లస్కరు మంచివాడు. వంతు తప్పనిచ్చేవాడు కాదు, పెద్దకయ్య, అంటే పెద్ద వరిమడి, ఉన్నవాడని ఒకడికి ఎక్కువ, పేదవాడని ఒకడికి తక్కువ వదిలేవాడు కాదు. పైన ఎవరో నీళ్ళు దారి మళ్ళించుకుంటే ఆ తప్పుకు ఇతనికి మెమో రావడం ఊళ్ళో ఎవరికీ ఇష్టం ఉండేది కాదు.

అందుకని మావాళ్ళు ఒక పద్ధతి పెట్టుకున్నారు. పై అధికారి తనిఖీకి వస్తున్నాడని కబురు అందగానే, కాలువ పొడుగునా ఎవరి మడవ వాళ్ళు మట్టితో కట్టేస్తారు. మడవంటే కాలువగట్టు నుంచి కయ్యలోకి నీళ్ళు పోయే చిన్న గండి. అవన్నీ మూసేస్తే కయ్యల్లోకి వెళ్ళాల్సిన నీళ్ళన్నీ కాలువలోనే నిండి, గేజీ రాయిని సగందాకా తడిపి, ఉప్పుకాలువలో పడతాయి. అధికారి జీపు దిగి, రాయిని చూసి, తల ఊపి, కొబ్బరి బోండాం తాగి వెళ్ళిపోతాడు. ఆయన అటు వెళ్ళగానే ఇటు మడవలు తెరుచుకుంటాయి. పోయింది ఒక పూట నీళ్ళు. నిలిచింది ఒక మనిషి ఉద్యోగం. మావాళ్ళు దీన్ని గేజీ మర్యాద అనేవాళ్ళు. పెళ్ళిచూపులకు వస్తున్నారంటే ఇల్లు సర్దుకుంటామే, అలాంటిదే అనుకున్నారు తప్ప మోసమని ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు.

ఆ కాలువ మీద ఆఖరి మడవ మా అక్కది. అక్క నాకన్నా పన్నెండేళ్ళు పెద్దది. నాకు ఆరేళ్ళప్పుడు అమ్మ పోతే, పెళ్ళయి ఏడాది కూడా కాని అక్క నన్ను తన వెంట తీసుకెళ్ళింది. బావ గూడూరు నిమ్మకాయల మార్కెట్లో కాటా దగ్గర పనిచేస్తాడు, ఆదివారం వస్తాడు, ఆదివారం వెళ్తాడు. మూడెకరాల కయ్య సేద్యం మొత్తం అక్కే చూసుకునేది. ఆ కయ్య దాటితే ఇసుక, ఇసుక దాటితే ఉప్పుకాలువ. నేను డిప్లొమా చదివింది ఆ మూడెకరాల మీదే.

సముద్రానికి అంత దగ్గర భూమికి ఒక గుణం ఉంది. పైన మంచినీళ్ళు నిలిచి ఉన్నంతకాలం కింది ఉప్పు కిందే ఉంటుంది. నీళ్ళు ఆగిపోయి రెండు నెలలు ఎండితే నేలమీద తెల్లగా పొర కడుతుంది. అందుకే మేము కారు మొదట్లో, అంటే పంటకాలం మొదలవగానే, వచ్చిన నీళ్ళతో దుక్కి చేయం, చౌడు కడుగుతాం. కయ్యనిండా నీళ్ళు పెట్టి, మూడు నాలుగు రోజులు నిలవేసి, కాళ్ళతో కలియదొక్కి, ఆ నీళ్ళను ఉప్పుకాలువలోకి వదిలేస్తాం. తర్వాత అక్క వంగి చిటికెడు బురద తీసి నాలుకకు రాసుకునేది. ఉమ్మేసి, "ఇంకొక్క తూరి కడగాల" అనేది, లేదంటే "ఇంక నాట్లేసుకోవచ్చు" అనేది. ఆ నాలుక చెప్పిన తర్వాత మట్టి పరీక్షకు ఇచ్చే అవసరం మాకెప్పుడూ రాలేదు. ఎగువవాళ్ళకు మాత్రం మేము నీళ్ళు పెట్టుకుని సముద్రంలో పారబోసుకునే మనుషుల్లాగా కనిపించాం. చెప్పబోయినా చెవిన వేసుకున్నవాడు లేడు.

రిజర్వాయర్లు కలపాలన్న ఆలోచన మొదలైనప్పుడు నేను నీటిపారుదల శాఖలో కాంట్రాక్టు మీద వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేరి కొద్దికాలమే అయింది. చివరి గేజీలన్నిటి దగ్గరా పదిహేను రోజులపాటు, పొద్దున ఎనిమిదింటికి కొలత తీయాలన్నారు. కాలువ చివర ఎంత నీరు వృథాగా పోతోందో దాన్నిబట్టి తేలుస్తారట. మా ఏఈ గారు "నీ ఊరే కదయ్యా, నువ్వే వెళ్ళు" అన్నాడు. నేను సంతోషంగా వెళ్ళాను. పదిహేను రోజులు అక్క చేతి వంట తినొచ్చుననుకున్నాను.

మొదటిరోజు పొద్దున గేజీ రాయి దగ్గరకు వెళ్ళేసరికి నీళ్ళు రెండడుగుల గీత దాటి ఉన్నాయి. అది నాట్లకు ముందు కాలం, కయ్యలకు నీళ్ళు కావలసిన రోజులు. అన్ని నీళ్ళు అక్కడికి ఎలా వచ్చాయా అని గట్టు మీద వెనక్కి నడిచాను. వరసగా మడవలన్నీ కట్టి ఉన్నాయి. కొత్త మట్టి, ఇంకా తడి ఆరలేదు. ఆఖరి మడవ మీద వేళ్ళ గుర్తులు కనిపించాయి. అక్క మట్టి వేసిన తర్వాత చేత్తో నున్నగా మెత్తుతుంది, ఇంకెవరూ అలా చేయరు.

అక్క కారందోశలు డబ్బాలో పెట్టుకుని గట్టు మీద వచ్చింది.

"ఎంతొచ్చిందిరా అబ్బయా?"

"రెండడుగులు దాటింది."

"దాటదా మరి! నిన్న పొద్దుగూకే లోపల కాలవ మీదున్న ప్రతి ఒక్కరి ఇంటికీ పోయి చెప్పొచ్చినా. మా అబ్బోడు కొలతకొస్తా ఉండాడు, వాడికి మాట రాకూడదు అని. ఒక్కరన్నా కాదన్లా, తెలుసునా?"

ఇది పాత తనిఖీ లాంటిది కాదక్కా, ఇక్కడ రాయి ఎంత ఎక్కువ తడిస్తే మీకు అంత నష్టం అని చెప్పడానికి ఒక్క నిమిషం చాలు. నేను దోశలు తిన్నాను.

అర్థం కాలేదని చెప్పుకునే వీలు నాకు లేదు. ఆ మర్యాదలో పుట్టి పెరిగినవాణ్ణి. కొలత దేనికో తెలిసినవాణ్ణి కూడా ఆ పొలాల మధ్య నేనొక్కణ్ణే. అయినా పదిహేను పొద్దులు మావాళ్ళు మడవలు కట్టారు, పదిహేనుసార్లు నేను రాసుకున్నాను. నేను వెనక్కి తిరిగిన తర్వాత పారలు పట్టుకుని మడవలు తీసుకునేవాళ్ళు. లెక్క తీసుకునే ఫారంలో చివర రిమార్కులు అని ఒక గడి ఉంటుంది. "కొలత సమయానికి రైతులు మడవలు మూసి ఉంచారు" అని ఒక వాక్యం పట్టేంత గడి. అందులో "నిల్" అని రాశాను.

ఎందుకు రాశానని ఎవరూ నన్ను అడగలేదు. నన్ను నేనే అడుగుతుంటాను. పై అధికారి ముందు పేచీ ఎందుకులే అన్నది ఒక కారణం. పర్మనెంటు చేస్తారన్న ఆశ ఇంకొకటి. ఈ రెండూ పైకి చెప్పుకోగలిగినవి. సిగ్గుగా ఉండేది మూడోదే. అన్నేళ్ళు పెద్ద పెద్ద అధికారులకు చేసిన మర్యాద ఊరు నాకు చేస్తోంది, అది నాకు నచ్చింది. గట్టు మీద నడుస్తుంటే ముసలివాళ్ళు కూడా పక్కకు తప్పుకున్నారు. నాకు నచ్చింది.

కాగితాలు చూసి ఏఈ గారు కళ్ళు పెద్దవి చేశాడు. "మీ ఊళ్ళో ఇన్ని నీళ్ళు ఊరికే పోతున్నాయా!" అని భుజం తట్టాడు. ఆ తర్వాత కొన్నాళ్ళకు నాకు ఉద్యోగం పర్మనెంటయింది. దానికీ దీనికీ సంబంధం లేదని ఇప్పటికీ నమ్మాలని చూస్తుంటాను.

కాలువ తవ్వారు, సొరంగం తొలిచారు, రిజర్వాయర్లు కలిశాయి. ప్రారంభం అయిన వారం మా ఊరి చర్చిలో స్తుతి కూడిక పెట్టారు. ఇక కరువొచ్చినా తాగునీటికి కొదవ లేదు, కరెంటు పోదు అని పేపర్లలో రాశారు కాబట్టి దేవునికి కృతజ్ఞత చెప్పుకోవాలని పాస్టరుగారు అన్నారు. నేనూ సెలవు పెట్టి వెళ్ళాను. మగవాళ్ళ వైపు ఆఖరి చాప మీద కూర్చున్నాను. సాక్ష్యాలు చెప్పేవాళ్ళు లేవచ్చనగానే, ఆడవాళ్ళ వైపు నుంచి అక్క లేచింది. తలమీద కొంగు సర్దుకుని, గొంతు సవరించుకుంది.

"తల్లి లేని బిడ్డని నా చేతుల్లో పెట్టినాడు ప్రభువు. ఈ పొద్దు ఇంత పెద్ద పనికి నీళ్ళు కొలిచిన వాళ్ళల్లో నా తమ్ముడు ఒకడు. మన కాలవ కొలిచింది వాడే. ఆ చదువు ఈ నీళ్ళ మీదే చదివినాడు. ప్రభువుకు స్తోత్రం."

అందరూ ఆమెన్ అన్నారు. నా ముందు కూర్చున్న పెద్దాయన వెనక్కి తిరిగి నా మోకాలు తట్టాడు. తల కొట్టేసినట్టయింది నాకు. బయటికి వచ్చాక అక్క "ఏందిరా, మొహం అట్టా పెట్టినావు, తలనొప్పా?" అని అడిగింది. అవునన్నాను.

మరుసటి ఏడు వానలు సరిగా పడలేదు. మా కాలువకు నీళ్ళొచ్చే పెద్ద రిజర్వాయరులో ఒక గీత ఉంది. మట్టం ఆ గీత దగ్గరకు దిగితే మిగిలినదంతా అత్యవసర నిల్వ, ముందు పట్నాల తాగునీటికి, తర్వాత కరెంటుకు, ఆ తర్వాతే పైర్లకు. రూలు అలా రాసుకున్నారు. పట్నాల్లో మనుషులు దాహంతో ఉంటే మా వరి ముందు తడవాలని నేను అనను. కానీ అదే కాలువ మీద ఎగువ తూములకు వంతులు తగ్గించి అయినా ఇచ్చారు. మాకు మాత్రం "చివరి ప్రాంతంలో మిగులు ప్రవాహం ఉంది" అని రాసి ఎడగారు వంతు ఆపేశారు. ఎడగారంటే మా జిల్లాలో ఎండాకాలపు వరి. పైరు పోతే పోయింది, ఆ నీళ్ళు నిలవకపోతే మా నేల ఏమవుతుందో ఆఫీసులో ఎవరికీ తెలియదు. తెలిసిన ఒక్కడు అప్పటికి బదిలీ అయి జలవిద్యుత్ కేంద్రంలో, ఏసీ గదిలో, సాయంత్రం గేట్లు ఎప్పుడెత్తాలో లాగ్‌బుక్కులో రాస్తున్నాడు.

అక్క కయ్యలో పొర కట్టింది. మొదట గట్ల పక్కన, తర్వాత మధ్యలో. నేను వెళ్ళినప్పుడు ఆమె వంగి చిటికెడు మట్టి తీసి నాలుకకు రాసుకుంది. ఎప్పుడూ వెంటనే ఉమ్మేసేది. ఆరోజు కాసేపు నోట్లోనే ఉంచుకుంది.

"ఇంత ఉప్పు నేనెప్పుడూ చూళ్ళేదు. ఒక్క కడుగు నీళ్ళు ఇస్తే చాలు గదరా, పైరుకు అడగటంలా. నేల బతుకుద్ది. ఈ కారు గూడా పోతే ఇంక తిరుక్కోదు."

"అర్జీ పెట్టండి" అన్నాను. ఇంతకన్నా ఏం చెప్పాలో తెలియనట్టు.

అర్జీ పట్టుకుని అక్క, ఇంకో నలుగురు రైతులు డివిజను ఆఫీసుకు వచ్చారు. నన్ను కూడా పిలిపించారు. అక్కడి పెద్ద అధికారి మర్యాదస్తుడే, కుర్చీలు వేయించాడు. ఫైలు తీసి, "రికార్డు ప్రకారం మీ చివరికి నీళ్ళు బాగానే చేరుతున్నాయమ్మా" అని నా కాగితం అక్క ముందు పెట్టాడు. అక్కకు ఇంగ్లీషు చదవడం రాదు. కింద సంతకం మాత్రం చూసింది. ఆమె ముఖం విప్పారింది.

"ఇది మా తమ్ముడిది సార్. వాడు ఉండేది ఉండేట్టు రాస్తాడు."

పక్కనున్న రైతులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నేను బీరువా పక్కన నిలబడి ఉన్నాను.

"అయితే ఇంకేం, మీరే ఒప్పుకుంటున్నారుగా" అని ఆయన నవ్వాడు.

"అప్పుడు అందినాయి సార్, ఇప్పుడు అందటంలా. వచ్చి చూడండి, అంతే మేం అడిగేది."

కాసేపు వాదులాడిన తర్వాత ఆయన ఒప్పుకున్నాడు. ఒకరోజు వంతు వదిలి చూస్తాం, చివరి గేజీకి నీళ్ళు చేరకపోతే మీకు కడుగు నీళ్ళు మంజూరు చేస్తాం అన్నాడు. లేస్తూ లేస్తూ నా వైపు చూసి, సరదాకే, "రాయి పొడిగా ఉందంటే అప్పటి కొలత తప్పన్నమాటేగా. రాసినవాడి సంగతి చూడాల్సి ఉంటుంది మరి" అన్నాడు. గదిలో అందరూ నవ్వారు. అక్క నవ్వలేదు.

కొలతకు ముందురోజు సాయంత్రం నేను ఊరికి వెళ్ళాను. అక్క బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. ఎదురుగా కూర్చుని చెప్పాను.

"రేపు మడవలన్నీ తీసే ఉంచండక్కా. చుక్క కూడా రాయి దగ్గరకు రానీయొద్దు. అందరికీ చెప్పు."

"రాయి ఎండిపోయి ఉంటే నీకేం గాదా?"

"నాకేం కాదు."

"ఆ సారు అన్నాడు గదా."

"ఊరికే అన్నాడు. నాకేం కాదులే."

"అయితే నా కళ్ళల్లోకి చూసి చెప్పు."

చూడలేకపోయాను. ఉద్యోగం గురించి నేను అబద్ధం చెప్పడం లేదు, నిజంగానే నాకేం కాదు. కానీ కళ్ళలోకి చూస్తే ఇంకో సంగతి బయటపడుతుంది. అప్పుడు మీరు నా కోసం కట్టిన మడవల వల్లే ఈ నేల ఎండింది, తెలిసే రాశాను అని చెప్పాలి. చెప్పి ఉంటే తర్వాత జరిగింది జరిగేది కాదు. బస్సుకు టైమయిందని లేచాను. అక్క ఏం అనుకోవాలో అదే అనుకుంది. నా ఉద్యోగానికి ముప్పుందని, అది దాచిపెట్టి నేను వాళ్ళ కోసం త్యాగం చేస్తున్నానని.

పాత కొలత నాదే కాబట్టి నన్నూ వెంట పంపారు, మర్నాడు పొద్దున నేను, మా కొత్త ఏఈ గారు కారు దిగాం. ఈయన చిన్నవాడు. ఇప్పుడు కొలతలు కాగితం మీద రాయరు. ఫోన్లో యాప్ ఉంటుంది, రాయిని ఫొటో తీస్తే టైముతో సహా అప్పటికప్పుడే ఎక్కిపోతుంది. ఆయన ఫోను చేత్తో పట్టుకుని ముందు నడిచాడు. నేను వెనక నడుస్తూనే చూశాను, మొదటి మడవ కట్టి ఉంది. రెండోది కట్టి ఉంది. పరుగెత్తాను. మూడో మడవ దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని చేతులతో మట్టి పీకాను. అది తెగేలోపే ముందు నుంచి ఏఈ గారి గొంతు వినిపించింది.

"అడుగున్నర ఉందండీ. బాగానే చేరుతున్నాయే!"

ఫోను టిక్కుమంది.

అక్క ఆఖరి మడవ దగ్గర నిలబడి ఉంది. మోచేతుల దాకా బురద. ఆమె వెనక కాలువ మీది రైతులంతా ఉన్నారు. పైర్లు లేవు, నేల తెల్లబడిపోయింది, అయినా ఆ ఒక్కరోజు వదిలిన నీళ్ళను తమ కయ్యల్లోకి పోనీయకుండా కట్టేసి నిలబడ్డారు. ఏఈ గారికి బోండాం కొట్టిచ్చారు కూడా.

ఆయన దూరం వెళ్ళాక అక్క నా దగ్గరకు వచ్చి, గొంతు తగ్గించి చెప్పింది.

"ఒక్క పూటే గదరా. నీళ్ళు మళ్ళా అడగొచ్చు. ఉద్యోగం మళ్ళా రాదు."

నీళ్ళు చేరుతున్నట్టు ఫొటో సాక్ష్యం ఉందని చెప్పి అర్జీ మూసేశారు. మళ్ళీ అడిగితే మళ్ళీ ఆ ఫొటోనే చూపించారు. అదంతా మడవలు కట్టి నింపిన నీళ్ళని రైతులు చెప్పారు, అయితే అధికారులను మోసం చేశారా అని ఆఫీసువాళ్ళు ఎదురు కేకలేశారు. రైతులు నన్ను మాత్రం మధ్యలోకి లాగలేదు. ఎవరి కోసం కట్టారో ఒక్కరూ చెప్పలేదు. ఆ మర్యాద కూడా నాకు దక్కింది.

ఆ కారు పోయింది. అక్క చెప్పినట్టే నేల ఇంక తిరుక్కోలేదు. చుట్టుపక్కలవాళ్ళు ఒక్కొక్కరుగా కయ్యల్ని రొయ్యల గుంటలకు ఇచ్చేశారు. నాలుగు పక్కలా ఉప్పునీళ్ళు నిలిచిన తర్వాత మధ్యలో ఒక కయ్య వరి పండదు. అక్క కూడా ఇచ్చింది. ప్రొక్లెయినరు వచ్చి గట్లు లేపిన రోజు ఆమె ఇంట్లోనే ఉండిపోయిందట, బావ చెప్పాడు.

మొన్న శుక్రవారం వెళ్ళాను. అక్క గుంట కట్ట మీద కూర్చుని ఉంది. ఒకప్పుడు ఆమె నాట్లేసిన చోట ఏరేటర్లు తిరుగుతున్నాయి. రొయ్యలకు గాలి అందాలని ఉప్పునీళ్ళను చిలికే చక్రాలవి, కరెంటు పోతే రొయ్యలు చచ్చిపోతాయి. సాయంత్రం వేళ ఇప్పుడు మా వైపు కరెంటు పోదు. ఎందుకు పోదో నాకు బాగా తెలుసు, ఆ వేళకు పైన గేట్లెత్తేది మా షిఫ్టువాళ్ళే. ఈ నేలను కడగాల్సిన నీళ్ళు అక్కడ చక్రాలు తిప్పితే, ఆ కరెంటుతో ఇక్కడ మా అక్క కయ్యలో ఉప్పునీళ్ళు గిలకొట్టుకుంటున్నాయి. ఆ చప్పుడు వింటూ ఇంక ఉండలేకపోయాను. మొత్తం చెప్పేశాను. పదిహేను పొద్దులు, రిమార్కుల గడి, నిల్, అన్నీ. మొదటి పొద్దునే నాకు తెలుసని కూడా చెప్పాను.

అక్క తిట్టలేదు. తిడుతుందనే, తిడితే బాగుండుననే చెప్పాను.

"రెండోసారన్నా చెప్పుంటే కట్టేదాన్ని కాదు గదరా" అంది. ఆ తర్వాత, "ఆదివారం దాకా ఉండిపో" అంది.

ఉన్నాను. ఆదివారం చర్చికి వెళ్ళాం. ఆఖరి చాప మీద కూర్చున్నాను. ఈ రెండేళ్ళలో చాపలు ఖాళీ అయ్యాయి. కయ్యలు పోయినవాళ్ళు కొందరు గూడూరుకు, కొందరు సూళ్ళూరుపేట వైపు పనులకు వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళు రొయ్యల గుంటల కాపలాదార్లు. సాక్ష్యాల వేళకు అక్క లేచింది. కొంగు తలమీదికి లాక్కుంది. గొంతు సవరించుకోలేదు.

"ఇదే తావున నిలబడి నేనొక సాక్ష్యం చెప్పినా. అందులో తప్పుండాది. ఆ పొద్దు కొలిచినవి మిగులు నీళ్ళు కాదు. మీ ఇండ్లకొచ్చి మీ చేత మడవలు కట్టించింది నేనే. రెండు తూర్లూ నేనే. దాన్ని చూసే మనకు నీళ్ళు ఆపేసినారు. మీ కయ్యలు పోయింది నా వల్ల. అందరి ముందరా ఒప్పుకుంటా ఉండా. నన్ను మన్నించండి."

నా పేరు ఎత్తలేదు. తమ్ముడన్న మాట కూడా ఆమె నోట్లోంచి రాలేదు. ఎవరూ ఆమెన్ అనలేదు. ఒక ముసలమ్మ కూర్చున్నచోటు నుంచే చెయ్యి చాచి అక్క చీర కుచ్చిళ్ళు పట్టుకుని కిందికి లాగి కూర్చోబెట్టింది.

పాస్టరుగారు అందరి వైపూ చూశారు. "ఇంకెవరన్నా చెప్పేవాళ్ళుంటే లేవండి" అన్నారు. ఆయన కళ్ళు మగవాళ్ళ వైపు వచ్చి ఆగాయి. అక్క తల తిప్పలేదు. నా చాప అంచున పురి విడిపోయి ఉంది, దాన్ని వేలితో లోపలికి దోపుతూ కూర్చున్నాను. ఆయన ఇంకాసేపు ఎదురుచూసి, పాట అందుకున్నారు.